కోడలి మాట మీద పస్తు

"గ్లూకోజు సీసా ఉన్న గదిలో పడుకోనని పేచీ పెట్టిందట మా అమ్మ. నర్సులు మొహమొహాలు చూసుకుని నవ్వుకున్నారు. ఇప్పుడు తృప్తిగా ఉందా నీకు?"

ఆడపడుచు చేతిసంచీ బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చుంది. ఆవిడ ఒక బళ్ళో హెడ్మిస్ట్రెస్. ఎక్కడ కూర్చున్నా అది ఆఫీసు గదే అవుతుంది, ఎదురుగా ఉన్నవాళ్ళు నిలబడాల్సి వస్తుంది. ఇవాళ ఎదురుగా నిలబడింది తమ్ముడి భార్య.

"నీరసం తగ్గడానికి పెడతారు వదినా ఆ సీసా. అందరికీ పెడతారు."

"గ్లూకోజంటే చక్కెరేగా, నాకు ఎక్కించడానికి వీల్లేదు అందట. ఆ మాట ఎవరు నేర్పారు?"

నేర్పింది కోడలే.

టౌనుహాల్లో జరిగిన ఆ సభని ఇంకా ఎవరూ మరిచిపోలేదు. కోడలు పనిచేసేది క్యాన్సరు కణాల మీద. ఏ కణం ఏం తిని బతుకుతుంది, తిండి మారితే దానిలో ఏ జన్యువు తెరుచుకుంటుంది, ఏది మూసుకుంటుంది, ఇదే ఆమె లోకం. చక్కెర ఆపేస్తే తమ ల్యాబులోని కణాలు ఎలా చచ్చిపోయాయో ఆ రోజు మామూలు మాటల్లో జనానికి చెప్పింది. ముందు వరసలో అత్తగారు కూర్చున్నారు. ఆవిడకి అదే జబ్బు వచ్చి, ఆపరేషనై, గండం గడిచి కొన్నేళ్ళయింది.

సభ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ అత్తగారు చక్కెర మానేశారు. తర్వాత రొట్టె మానేశారు. తర్వాత పళ్ళు, పాలు. వయసు మీద పడి ఆకలి మందగించిందనుకున్నారు ఇంట్లోవాళ్ళు. ఆవిడ ఉడకబెట్టిన ఆకుల నీళ్ళతో రోజు వెళ్ళదీస్తున్నారన్న సంగతి, ఇవాళ పొద్దున మెట్ల మీద కళ్ళు తిరిగి పడ్డాక గానీ బయటపడలేదు.

"సాయంత్రంలోగా లోపలికి ఏదైనా వెళ్ళాలి. లేదంటే తీసుకొచ్చి చేర్పించండి. ఇంకా ఆలస్యమైతే గుండె మీదికి వస్తుంది" అని డాక్టరు చెప్పి పంపాడు.

బల్ల మీద పాలల్లో నానేసిన రొట్టె చల్లారిపోతోంది. రెండుసార్లు లోపలికి వెళ్ళి రెండుసార్లూ వెనక్కి వచ్చింది ఆ గిన్నె.

"మా అమ్మ నీ ప్రయోగానికి ఎలుకయింది" అంది ఆడపడుచు గొంతు తగ్గించి.

"నన్ను గురించి మాట్లాడుకునేటప్పుడు కాస్త గట్టిగా మాట్లాడండి. సగమే వినబడుతోంది." లోపలి గదిలోంచి అత్తగారు.

టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని ఊరందరి లైన్లు కలుపుతూ రిటైరైన మనిషి ఆవిడ. ఒళ్ళు తగ్గింది గానీ చెవి తగ్గలేదు.

కిటికీ దగ్గర కొడుకు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. రేడియోలో వార్తలు చదవడం అతని ఉద్యోగం. బిల్డింగులో అందరూ వార్తలాయన అంటారు. ఎవరి పక్షమూ వహించకుండా చదవడం అలవాటై ఇంట్లో కూడా అదే పాటిస్తాడు. తల్లి, అక్క, భార్య ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్న ఇంట్లో అది తెలివైన పద్ధతే.

"నువ్వు ఒక్క మాటైనా అనవేరా?" అంది అక్క.

"ఏమనాలక్కా?"

"పోనీ, పొద్దున్నే నాలుగో అంతస్తుకి ఎందుకెక్కిందో అదైనా అడుగు. మీరుండేది రెండో అంతస్తు. పైన ఈవిడకేం పని?"

అన్నీ వినబడే లోపలి గదిలోంచి ఆ ప్రశ్నకు మాత్రం చప్పుడు రాలేదు.

కోడలు గిన్నె తీసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళింది.

అత్తగారు దిండుకి ఆనుకుని కూర్చున్నారు. నుదుటి మీద పట్టీ. చెంపలు లోపలికి పోయాయి. కళ్ళు మాత్రం, పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల కళ్ళలా, మెరుస్తున్నాయి.

"దాన్ని పట్టించుకోకు. బళ్ళో పిల్లలు దొరక్క మన మీద పడింది" అన్నారు నెమ్మదిగా.

"అత్తయ్యా, రెండు చెంచాలు."

"వద్దమ్మాయ్."

"నేను చెప్పింది ప్లేట్లో పెంచిన కణాల గురించి. మీ గురించి కాదు. ప్లేటు వేరు, మనిషి వేరు."

"మరి గంటసేపు ప్లేటు గురించి చెబుతుంటే అంతమంది మనుషులు ఎందుకు కూర్చుని విన్నారు?"

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ చెయ్యి చల్లగా, తేలిగ్గా ఉంది.

"నీ మాట నేనొక్కదాన్నే పట్టుకున్నాననుకుంటున్నావా? బిల్డింగంతా పట్టుకుంది. పక్కింటి బ్యాంకు గుమాస్తా కాఫీలో చక్కెర మానేశాడు. మూడో అంతస్తు వాళ్ళ ఇంట్లో పుట్టినరోజుకి కేకు లేదు. కింద బేకరీ ఆయన నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నాడు. అదంతా ఎవరు చేశారు?"

"మీరే చేసి ఉంటారు."

"నేను లైను కలిపాను. మాట నీది." ఆవిడ గొంతులో గర్వం దాచుకున్నా దాగలేదు. "నాకు కోడలు దొరికింది చూడు అని చెప్పుకోవడానికి నాకు ఇన్నేళ్ళకి ఒక సంగతి దొరికింది. ఇప్పుడు నేనే తిని ఆ సంగతిని అబద్ధం చెయ్యమంటావా?"

నాలుక చివరిదాకా ఒక మాట వచ్చింది కోడలికి. వచ్చి అక్కడే ఆగిపోయింది. ఆ మాట ఇంకా పూర్తిగా తనది కాదు. దాన్ని తేల్చుకోవాల్సింది ఇవాళే, ల్యాబులో.

"అత్తయ్యా, ఒక్క పూట. సాయంత్రం నేను ల్యాబు నుంచి వచ్చి చెప్పేది విని, అప్పుడు తినాలో మానాలో మీరే తేల్చుకోండి. సరేనా?"

"వెళ్ళు వెళ్ళు. ఆ కణాలు నీకోసం చూస్తుంటాయి."

బయట ఆడపడుచు ఆ మాట విననే విన్నది. తల్లి చెవులు కూతురికీ వచ్చాయి.

"అమ్మ ఇక్కడ ఇలా పడుంటే ల్యాబుకా? బాగుందమ్మా. ఆ జబ్బు కణాలకి వేళకి తిండి పెట్టి రా. ఇంట్లో మనిషి ఎలా పోతే ఏం?"

కోడలు చెప్పులు వేసుకుంటూ ఒక్క క్షణం ఆగింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తిరగబడి అనడానికి చాలా మాటలు ఉన్నాయి గానీ, వదిన అన్నదానిలో సగం నిజమన్న బాధ ముందు అవేవీ నిలబడలేదు.

"సాయంత్రంలోగా వస్తాను వదినా" అని మాత్రం అంది.

ల్యాబులో అనుమానం మాస్టారు మైక్రోస్కోపు పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నారు. కోడలికి పని నేర్పింది ఆయనే. తెల్లవారిందని ఎవరైనా చెబితే కిటికీ తెరిచి చూసుకుంటే గానీ ఒప్పుకోని మనిషి. ఆ పేరు కుర్రవాళ్ళు పెట్టారు. ఆయనకీ తెలుసు, ఆయనకీ ఇష్టమే.

"ఆలస్యమైంది" అన్నారు.

"ఇంట్లో కాస్త గొడవ మాస్టారూ."

చేతులు కడుక్కుని తొడుగులు వేసుకుని ఇంక్యుబేటరు తలుపు తీసింది కోడలు. వెచ్చటి గాలి మొహానికి తగిలింది. లోపల అరల్లో ప్లేట్లు, వాటిలో కణాలకు పోసే గులాబీ రంగు ద్రవం. పై అరలోవాటికి చక్కెర ఉంది. కింది అరలోవాటికి లేదు.

ఈ ల్యాబులో మొదట్నుంచీ ఒక పద్ధతి ఉంది. చక్కెర ఆపిన ప్లేట్లలో కణాలు చచ్చి పైకి తేలగానే ఎన్ని చచ్చాయో చూసుకుంటారు, రాసుకుంటారు, బ్లీచు పోసి పారేస్తారు. చచ్చినవాటితో పనేముంది? ఉన్న ఇంక్యుబేటర్లే చాలవు. ఆ పద్ధతిలోనే ఏళ్ళ తరబడి పని జరిగింది. ఆ పద్ధతిలోనే ఆ గొప్ప ఫలితం వచ్చింది.

అయితే సభకు తయారయ్యే హడావిడిలో కోడలు ఒక ట్రేని పారేయడం మరిచిపోయింది. చప్పట్లు కొట్టించుకుని తిరిగి వచ్చాక చూస్తే కింది అరలో మూల అలాగే ఉంది. పారేసే ముందు ఎందుకో మైక్రోస్కోపు కింద పెట్టింది. పైన అంతా చచ్చిన కణాలే, ముక్కలు ముక్కలుగా తేలుతున్నాయి. కానీ అడుక్కి అంటుకుని అక్కడక్కడా చిన్న చిన్న గుంపులు. కదలడం లేదు, పెరగడం లేదు. చావనూ లేదు.

అప్పుడు మాస్టారు అన్నారు, మరిచిపోయిన ట్రేలో కనబడినదాన్ని ఫలితం అనరు, పొరపాటు అంటారు అని. కావాలని చేసి చూడమన్నారు. చేసింది. మళ్ళీ కనబడ్డాయి. ఇంకోసారి అన్నారు. ఆ ఇంకోసారే ఇవాళ.

కోడలు మొదటి ప్లేటు పెట్టి గదిలో దీపం ఆర్పింది. ఈసారి కణాల్లో ఒక ఏర్పాటు చేసి పెట్టింది. ఒక జన్యువు తెరుచుకుంటే ఆ కణం పచ్చగా వెలుగుతుంది. చక్కెర ఉన్నంతకాలం మూతపడి ఉండే జన్యువు అది. ల్యాబులో దాన్ని వాచ్‌మన్ అని పిలుస్తారు, ఇల్లంతా నిద్రపోయాక లేచేది అదే కాబట్టి.

నీలి వెలుతురు వేసింది. కన్ను ఆనించింది.

నల్లటి అడుగున పచ్చటి చుక్కలు. ఒక గుంపు, దాని పక్కన ఇంకోటి, ఆ మూలన ఇంకోటి. ఆకలికి లేచి, జన్యువు తెరుచుకుని, ఎక్కడిదో వేరే తిండి వెతుక్కుని బతుకుతున్న కణాలు. రెండో ప్లేటు పెట్టింది. మూడోది పెట్టింది. ఉన్నాయి. అన్నిట్లోనూ ఉన్నాయి.

ఆమె లేచి పక్కకు జరిగింది. మాస్టారు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని వంగారు. చాలాసేపు వంగే ఉన్నారు.

"ఇంకో చోట చూపించు."

చూపించింది.

"చక్కెర పెట్టినవాటిలో?"

చూపించింది. అక్కడ అంతా చీకటి. ఒక్క పచ్చ చుక్క లేదు.

మాస్టారు నిటారుగా కూర్చున్నారు. "అనుమానం లేదు" అన్నారు.

ఆయన నోట ఆ మాట వినడం కోడలికి అదే మొదలు.

"నీ ఫలితాన్ని నువ్వే దెబ్బ కొట్టుకున్నావు. అర్థమవుతోందా? చక్కెర ఆపితే చచ్చాయని ఊరంతా చెప్పావు. ఇప్పుడు, అన్నీ చావలేదు, మిగిలినవి మొండికెత్తాయి అని నువ్వే చెప్పాలి."

"అవును మాస్టారూ."

"మరి నీ మొహమేంటి అలా ఉంది? ఏడవాల్సిన సమయంలో నవ్వుతున్నావు."

"గర్వంగా ఉంది మాస్టారూ." ఆ మాట అనేసి తనే ఆశ్చర్యపోయింది. "వేరేవాళ్ళు కనిపెట్టి ఉంటే సిగ్గుపడేదాన్ని. మనమే చూశాం. ఇన్నాళ్ళూ బ్లీచు పోసి పారేసిన చోట అసలు సంగతి ఉంది."

మాస్టారు ఆమెని ఎగాదిగా చూసి, ఏదో తుడుచుకుంటున్నట్టు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"సరే. విభాగం సమావేశం జరిగేదాకా ఎవరి దగ్గరా నోరు విప్పకు. పద్ధతి తెలుసుగా."

"ఒకరికి చెప్పాలి మాస్టారూ. ఇవాళే."

"ఎవరికి?"

"మా అత్తగారికి."

పొద్దుటి సంగతంతా చెప్పింది. మెట్లు, పట్టీ, గ్లూకోజు సీసా, చల్లారిపోయిన గిన్నె. మాస్టారు వింటూ ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"ఆవిడ ఎవరికీ చెప్పరుగా?" అన్నారు చివరికి.

"అందరికీ చెబుతారు. అందుకే ముందు ఆవిడకి చెప్పాలి."

మాస్టారు ప్లేట్లని తనే ఎత్తి ఇంక్యుబేటరులో పెట్టడం మొదలుపెట్టారు. "వెళ్ళు. నిజం ఎంతుందో అంతే చెప్పు. ఒక్క చుక్క ఎక్కువ పొయ్యకు."

ఇల్లు చేరేసరికి కిటికీలో ఎండ పచ్చబడింది. ఆడపడుచు ఆస్పత్రికి సంచీ సర్దేసింది. తువ్వాలు, దువ్వెన, అమ్మ కళ్ళజోడు. హెడ్మిస్ట్రెస్ సర్దిన సంచీలో ఏదీ నలగలేదు, ఆవిడ కళ్ళు మాత్రం ఉబ్బి ఉన్నాయి.

"ఒక్క చుక్క ముట్టలేదు. టాక్సీకి చెప్పేశాం" అంది.

"పది నిమిషాలు వదినా."

అందరూ లోపలికి వచ్చారు. కొడుకు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. కోడలు మంచం అంచున కూర్చుంది. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఆవిడ మొహం చూడగానే ఎటో పోయాయి.

"అత్తయ్యా, అవి అన్నీ చావలేదు."

అత్తగారు కళ్ళు చిన్నవి చేసి చూశారు.

"చక్కెర ఆపితే చాలా భాగం చచ్చిపోతాయి. కొన్ని మిగులుతాయి. ఆకలి వేసేసరికి వాటిలో ఒక జన్యువు తెరుచుకుంటుంది. వేరే తిండి తిని, కదలకుండా, పడుకుని ఉంటాయి. మేము అంతదాకా ఎప్పుడూ ఆగి చూడలేదు. తేలినవి చూసి పారేశాం. ఇవాళ మూడోసారి చూసి తేల్చుకున్నాను."

అత్తగారు దిండు మీంచి ముందుకు వంగారు.

"అంటే ఆ రోజు హాల్లో చెప్పింది అబద్ధమా?"

"అబద్ధం కాదు. సగం."

"సగం చెప్పి చప్పట్లు కొట్టించుకున్నావా?"

"అప్పటికి నాకు తెలిసింది అంతే అత్తయ్యా. ఇది ప్లేటు సంగతి, దీన్నిబట్టి మనుషులెవరూ తిండి మానకూడదు అని చివర్లో చెప్పాను కూడా."

"చెప్పలేదు."

"చెప్పాను. వినబడలేదు. అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి."

అత్తగారు తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నారు.

"మొదట కొట్టింది నేనే" అన్నారు మెల్లగా.

ఆడపడుచు చేతిలోని సంచీ కింద పెట్టింది.

"కణాలు చచ్చాయి అనగానే ఆగలేకపోయాను. నన్ను పీక్కుతిన్నవి అవి. వాటిని నా కోడలు చంపింది. చేతులు వాటంతటవే లేచాయి. నన్ను చూసి పక్కావిడ కొట్టింది, ఆవిణ్ణి చూసి హాలంతా కొట్టింది." ఆవిడ పట్టీ మీద చెయ్యి పెట్టుకున్నారు. "నీ చివరి మాట మింగేసింది నేనన్నమాట."

"మీ తప్పు కాదత్తయ్యా."

"ఆగు. ఇది ఎవరు కనిపెట్టారు? బయటివాళ్ళెవరైనా వేలెత్తి చూపించారా?"

"లేదు."

"మీ మాస్టారు?"

"లేదు. నేనే చూశాను."

"నువ్వే చెప్పి, నువ్వే అనుమానపడి, నువ్వే పట్టుకున్నావా?"

"అవును."

అత్తగారి మొహంలో పొద్దుటి మెరుపు పోయింది. దాని స్థానంలో ఇంకేదో నిదానంగా వచ్చింది. కోడలు దాన్ని ఇంతకుముందు ఆవిడ మొహంలో చూడలేదు.

"మెయిను కరెంటు పోతే మా ఎక్స్ఛేంజీ బ్యాటరీల మీద నడిచేది" అన్నారు. "బోర్డు మీద దీపాలన్నీ ఆరిపోయేవి. కొత్తగా వచ్చిన పిల్లలు లైన్లు చచ్చాయని సంచీ సర్దుకుని లేచేవాళ్ళు. చెవి పెట్టి వింటే లైను సన్నగా వినబడేది. నేను వినేదాన్ని. చూశావా, మనిద్దరిదీ ఒకటే ఉద్యోగం."

కోడలు నవ్వబోయింది. నవ్వుకు బదులు కన్నీళ్ళు వచ్చాయి.

"అయితే నేను తినకపోతే అవి ఇంకా మొండికెత్తుతాయా?"

"అది కూడా నాకు తెలియదత్తయ్యా. మీ ఒంట్లో ఉన్నాయో లేవో కూడా తెలియదు. లేవనే మీ డాక్టరు అంటున్నారు. నాకు తెలిసింది ఒక్కటే. తినకపోతే ముందు మీరు పోతారు."

"ఇలా సూటిగా పొద్దున్నే చెప్పొచ్చుగా." ఆవిడ చెయ్యి చాపారు. "ఆ గిన్నె ఇటివ్వు."

గిన్నె అందించింది ఆడపడుచే. అత్తగారు ఒక చెంచా నోట్లో పెట్టుకుని మొహం చిట్లించారు.

"చక్కెర వెయ్యలేదా?"

"నువ్వు తిడతావని వెయ్యలేదమ్మా."

"వెయ్యి."

ఆడపడుచు వంటింట్లోకి వెళ్ళి డబ్బా వెతుకుతూ చాలాసేపు ఉండిపోయింది. డబ్బా ఎదురుగానే ఉంది. వచ్చేటప్పుడు మొహం కడుక్కుని వచ్చింది. కోడలి పక్కనుంచి వెళ్తూ ఆమె భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి తీసేసింది. ఆవిడ అంత తొందరగా దిగివచ్చే మనిషి కాదు.

గిన్నె ఖాళీ అయ్యాక అత్తగారు దిగులుగా కిటికీ వైపు చూశారు.

"బిల్డింగంతా చెప్పాను. ఇప్పుడేం మొహం పెట్టుకుని మళ్ళీ చెప్పను?"

అప్పుడు మాట్లాడాడు వార్తలాయన. పొద్దుట్నుంచీ దాచుకున్న గొంతు కాబట్టి అందరూ తిరిగి చూశారు.

"తప్పు చదివితే తర్వాతి వార్తల్లో సరిచేస్తామమ్మా. వేరేవాళ్ళు చదవకూడదు. చదివినవాడే, అదే గొంతుతో చదవాలి. మాకదే పద్ధతి."

అత్తగారు కొడుకుని కాసేపు చూసి, మంచం పక్కనున్న ఫోను ఒళ్ళోకి లాక్కున్నారు. నంబర్లన్నీ ఆవిడకి నోటికి వచ్చు.

మొదట బేకరీ ఆయన. "ఇక నన్ను చూసి మొహం తిప్పుకోనక్కర్లేదు. ఆ చక్కెర కథ ఇంకా పూర్తి కాలేదు. మా కోడలే కనిపెట్టింది. తన మాటని తనే సరిచేసుకుంది. ఎంతమంది చేస్తారు ఆ పని?" తర్వాత బ్యాంకు గుమాస్తా. తర్వాత మూడో అంతస్తు. ఒక్కొక్క ఫోనుకీ గొంతు పుంజుకుంది. సభ నుంచి వచ్చిన రోజు కూడా కోడలి గురించి ఆవిడ ఇంత గొప్పగా చెప్పుకోలేదు. కోడలు సిగ్గుతో చచ్చిపోతూ, లోపల పొంగిపోతూ వింటోంది.

చివరి నంబరు దగ్గర ఆవిడ వేలు ఆగింది.

"పొద్దున నేను పైకెక్కింది ఈవిడ కోసమే" అన్నారు తల ఎత్తకుండా. "నాలుగో అంతస్తు టైలరమ్మ. నాకొచ్చిందే ఆవిడకీ వచ్చింది. నాకు తగ్గింది, ఆవిడకి ఇంకా మందు నడుస్తోంది. ఆకలికి తట్టుకోలేకపోతున్నానంటే ధైర్యం చెప్పడానికి వెళ్ళాను."

అత్తగారు నంబరు నొక్కి, అవతలి గొంతు విని, చెప్పాల్సిందంతా అదే గొంతుతో చెప్పారు. వింటూ వింటూ ఫోను కోడలికి చాపారు.

"నా మాట నమ్మదట. నీ నోట వినాలట."

సమావేశం దాకా నోరు విప్పొద్దన్న మాస్టారి మాట గుర్తొచ్చింది కోడలికి. అత్తగారికి మాత్రమే చెబుతానంది ఆయనతో. ఆమె ఫోను అందుకుంది.

"ఆవిడ చెప్పింది నిజమేనండీ. చక్కెర ఆపినా కొన్ని చావడం లేదు. మీరు వెంటనే ఏదైనా తినండి. ఏం తినాలో మీ డాక్టరుని అడగండి, నన్ను కాదు."

అవతల సన్నటి గొంతు.

"నేను మానేసింది తిండొక్కటే కాదమ్మా. కణాలు ఆకలికే చస్తుంటే ఇక మందెందుకని... ఆస్పత్రికి వెళ్ళడం కూడా మానేశాను."

"ఫోను పెట్టెయ్యకండి. కాదు, పెట్టెయ్యండి. నేనే వస్తున్నాను."

కోడలు లేచేసరికి అత్తగారు కాళ్ళు కింద పెట్టి చెప్పుల కోసం వెతుక్కుంటున్నారు.

"అమ్మా, పొద్దున పడింది ఆ మెట్ల మీదే" అంది కూతురు.

"తెలుసు. ఇప్పుడు తిని ఎక్కుతున్నాను."

ఒక చెయ్యి కోడలు పట్టుకుంది. వెనక నుంచి వీపు మీద చెయ్యి వేసి కూతురు నడిచింది. కొడుకు కిందకి పరిగెత్తి టాక్సీ ఆపి ఉంచాడు, ఇప్పుడు అది వేరొకరికి కావాల్సి రావచ్చు. మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కారు. అత్తగారు ఆయాసపడుతూనే, దారిలో తలుపు తీసి చూసినవాళ్ళందరికీ "మా కోడలు" అని చూపించారు.

నాలుగో అంతస్తులో బెల్లు నొక్కకముందే తలుపు తెరుచుకుంది. కుట్టుమిషను పక్కన టైలరమ్మ నిలబడి ఉంది, నీడలా చిక్కిపోయి. ఆవిడ వెనక బల్ల మీద ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్నారు. ఇద్దరూ తలకి గుడ్డ చుట్టుకున్నారు. ఇద్దరి చెంపలూ లోపలికి పోయాయి.

కోడలు అత్తగారి వైపు చూసింది. అత్తగారు తల అడ్డంగా ఊపారు. వాళ్ళెవరో ఆవిడకీ తెలియదు.

"ఆస్పత్రిలో నా పక్క మంచాల వాళ్ళు. నేనే చెప్పాను వీళ్ళకి. వీళ్ళు ఇంకొందరికి చెప్పారు" అంది టైలరమ్మ.

వాళ్ళలో పెద్దావిడ బల్ల పట్టుకుని కష్టం మీద లేచి నిలబడింది. కళ్ళల్లో వెలుగు.

"చక్కెర ఆపితే అవి చస్తాయని చెప్పిన అమ్మ మీరేనా?"

"నేనే" అంది కోడలు, అత్తగారి చెయ్యి వదలకుండా.